ముక్కులు మూసిన ఇల్లు

మొన్న మా వీధి చివర కొత్తగా పెట్టిన ఆవిరి ఇస్త్రీ దుకాణానికి వెళ్ళాను. గోడవారగా ఒక చిన్న బాయిలరు, దాని నుంచి బల్ల దాకా ఒక గొట్టం, గొట్టం మీద బొటనవేలంత ఇత్తడి ముక్క. దుకాణం నడిపే మనిషి ఆ ఇత్తడి ముక్కకు గుడ్డ చుట్టి, పైన తీగతో బిగించి కట్టాడు. ఎందుకయ్యా అలా కట్టావంటే, “అందులోంచి ఉస్సుమని పోతాంది పెద్దమ్మా, ఆవిరి వేస్టు గదా” అన్నాడు. ఎంత తృప్తిగా అన్నాడో! దేశంలో ఎవరికీ తట్టని ఉపాయం తనకొక్కడికే తట్టినట్టు. నా చీర నేను తీసుకుని వచ్చేశాను. మూర్ఖుడికి చెప్పే ఓపిక లేక కాదు. అతనికంటే చక్కగా, అతనికంటే తృప్తిగా అదే పని చేసినదాన్ని నేను.

మస్కట్ దేశంలో నేను పనిచేసిన మూడిళ్ళలో ఆ కొండమీది ఇల్లు రెండోది. మస్కట్ అంటే మావాళ్ళకు ఎండ, ఇసుక, ఒంటె, అంతే. అక్కడ కొండల మీద చలి పుడుతుందని, తెల్లారేసరికి బకెట్టులో నీళ్ళు పైన పలక కడతాయని చెబితే మా చెల్లెలు ఇప్పటికీ నవ్వుతుంది. ఆ ఇంటి యజమానిని మేమందరం అర్బాబ్ అనేవాళ్ళం. పని ఇచ్చిన దొరను అక్కడ అలాగే అంటారు. ఆయన వయసులో ఉన్నప్పుడు ఏదో మంచుదేశంలో చదువుకున్నాడట. అక్కడ తాను అద్దెకున్న పాత ఇంటిని పడగొడుతుంటే, అందులో గదులు వెచ్చబెట్టే ఇనుప సామానంతా కొని, ఓడలో వేయించి, ఆ కొండ మీదికి ఎక్కించాడు. రూవి బజారులో ఏ కొట్టుకు పోయినా కరెంటు హీటరు దొరుకుతుంది. ఆయనకు మాత్రం తన పడుచుతనాన్ని వెచ్చబెట్టిన ఇనుమే కావాలి. ఉన్నవాళ్ళ బెంగ ఓడలెక్కి వస్తుంది. మా బెంగ ఉత్తరంలో కూడా వచ్చేది కాదు, రాసిపెట్టేవాళ్ళు దొరక్క.

ఇంట్లో మొత్తం తొమ్మిది రేడియేటర్లు ఉండేవి. బక్కచిక్కిన గొడ్డు పక్కటెముకల్లాగా నిలువు ఇనుప వరసలు, ఒక్కొక్కటి నడుమెత్తు. కింద ఒక కొసన ఆవిరి వచ్చే గొట్టం, రెండో కొసన పక్కగా ఒక చిన్న ముక్కు. దానికి ఇంగ్లీషులో ఏదో పేరుంది కానీ మేము ముక్కు అనేవాళ్ళం, ఎందుకంటే అది చేసే పని అదే. ఇంటి వెనక చిన్న షెడ్డులో డీజిలుతో మండే బాయిలరు. తెల్లవారుజామున ముందు ఆ షెడ్డు ఇనుప తలుపు కిర్రుమనేది. తరవాత డీజిలు వాసన. తరవాత గొట్టాల్లో ఎవరో గోళ్ళతో గీకినట్టు చిన్న చిన్న చప్పుళ్ళు. కాసేపటికి తొమ్మిది ముక్కులూ ఒకదాని వెనక ఒకటి ఉఫ్‌మని ఊపిరి వదిలేవి. లోపలి గాలంతా పోయి, వేడి ఆవిరి ముక్కు దాకా రాగానే అది టిక్కుమని మూసుకునేది. ఆ తరవాత ఇనుము కాగి, దాని మీది రంగు వాసన, అర్బాబ్ తల్లి గదిలోంచి సాంబ్రాణి పొగ, వంటింట్లోంచి యాలకులు వేసిన కాఫీ కమ్మదనం అన్నీ కలిసి ఇల్లంతా తిరిగేవి. ఆ ముసలమ్మ చలికాలం వస్తే కొండమీది ఇంటికే వచ్చేది. గోరింటాకు పెట్టిన పాదాలు రేడియేటరుకు ఆనించి, జపమాల తిప్పుతూ, తన కోడలి తప్పులన్నీ దేవుడికి ఒకటొకటిగా చెప్పుకునేది. వయసు మీదపడిన కొద్దీ మనుషులు మెత్తబడతారని ఎవరన్నారో కానీ, నేను చూసినవాళ్ళెవరూ మెత్తబడలేదు.

బాయిలరు చూసే మనిషి పోశెట్టి. జగిత్యాల వైపు వాడు. వచ్చింది అర్బాబ్ కంపెనీలో ఇటుకలు మోసే కూలి వీసా మీద. ఊళ్ళో ఉన్నప్పుడు ఉప్పుడు బియ్యం మిల్లులో ఊక వేసి బాయిలరు మండించినవాడని ఎవరో చెబితే, సైట్ మీద నుంచి లాక్కొచ్చి కొండ మీద పెట్టారు. నాకూ అతనికీ అక్షరం ముక్క రాదు. షెడ్డు గోడకు ఇంగ్లీషులో అచ్చేసిన ఒక పెద్ద కాగితం అంటించి ఉండేది, బొమ్మలతో సహా. అది ఆ యంత్రాన్ని ఎలా నడపాలో చెప్పే కాగితమని తరవాత తెలిసింది. మాకది గోడకున్న కాగితం, అంతే. పోశెట్టి మాత్రం గొట్టం మీద చెయ్యి వేసి, చెవి ఆనించి, ఆ ఇంటిని డాక్టరు రోగిని చూసినట్టు చూసేవాడు. ఒకసారి నేను అడిగాను, ఈ ముక్కులెందుకు ఊదుతాయని. “గాలి బయటికి వోతెనే ఆవిరి లోపటికి అస్తది చెల్లె. కింద మస్కట్ల, హమ్రియా పేటల మా కూలోళ్ళ రూమ్ గిట్లనే ఉండె. పొద్దటి డ్యూటీవోడు లేసి పోతెనే రాత్రి డ్యూటీవోడు మంచమెక్కుడు. వాడు లేవకపోతే వీడు దర్వాజ కాడ నిలవడుడే” అన్నాడు. ఇంత తేలిక మాట నేను విన్నాను. నవ్వాను కూడా. విన్నది బుర్రకెక్కాలంటే నవ్వితే చాలదు.

అతను ఆ దేశం ఎందుకు వచ్చాడో ఇంట్లో అందరికీ తెలుసు, ఎందుకంటే అతనికి మరో మాట లేదు. పెళ్ళాం చిన్నప్పటి నుంచి బీడీలు చుట్టింది. తంబాకు దుమ్ముకు ఊపిరితిత్తులు పాడై, దగ్గితే నెత్తురు పడేది. డాక్టరు ఇక బీడీల చాట ముట్టవద్దన్నాడు. పోశెట్టి మస్కట్ వచ్చిన నెల నుంచి ఆమె చాట ముట్టలేదు. “నేను ఈడ అగ్గి వెడుతున్నన్ని రోజులు ఆమె ఆడ తంబాకు ముట్టది” అనేవాడు. అతనికి ఉద్యోగమంటే అదే.

వంటింటిది ఖైరూన్ బీ. మా కడప మనిషే, నాకంటే పదేళ్ళు పెద్ద. నేను అక్కా అనేదాన్ని. పెళ్ళిళ్ళలో పెద్ద పెద్ద డేగిశాల్లో దమ్ బిర్యానీ వండిన చెయ్యి ఆమెది. మూతచుట్టూ గోధుమపిండి మెత్తి, ఆవిరి చుక్క బయటికి పోకుండా బంధించడం తప్ప లోకంలో వేరే విద్య లేదని ఆమె నమ్మకం. జ్వరమొచ్చినవాణ్ణి చూసినా ‘దమ్ సరిగ్గా కూర్చోలేదు’ అనేరకం.

ఆ ఏడు రంజాన్ పండగ చలికాలంలో వచ్చింది. పండగకు ముందు ఇల్లంతా రంగులేయించడం వాళ్ళ ఆనవాయితీ. పెయింటరు వచ్చి రేడియేటర్లకు వెండిరంగు పూసి, మిగిలిన డబ్బా వంటింటి మూల వదిలేసి పోయాడు. అతిథులు కూర్చునే మజ్లిస్ గదిలో తెల్లటి కొత్త కార్పెట్ పరిచారు. పరిచినవాళ్ళు దాని అంచును రేడియేటరు కాళ్ళ కిందికి, అదీ ఒక కొసకే, గొట్టం వైపుకే దూర్చారు. మర్నాడు బాయిలరు అంటించగానే ఆ గదిలో ముక్కు ఊదడం మానేసి, బుసబుసమంటూ తుప్పునీళ్ళు కక్కింది. తెల్ల కార్పెట్ మీద తాంబూలం ఉమ్మినట్టు మరక. యజమానురాలు నన్ను పట్టుకుని నానా మాటలంది. పోశెట్టి వచ్చి చూసి, “కార్పెట్ ఎత్తుకు ఒక దిక్కు లేసింది చెల్లె. లోపట నీళ్ళు అటు జారి ముక్కు కాడ నిలుస్తున్నయి. రెండో దిక్కు చిన్న చెక్క వెడితె అయిపాయె. రేపటెల్లుండి అస్త గద, పెడత” అని, బాయిలరు ఆర్పి, డీజిలు డ్రమ్ములు తేవడానికి కొండ దిగాడు.

అతను వచ్చేదాకా ఆగి ఉంటే ఈ కథ లేదు. ఖైరూన్ బీ ఆగనివ్వలేదు. మజ్లిస్‌లో నడుం మీద చెయ్యి పెట్టుకుని నిలబడి, “ఏందే ఓబులమ్మా, ఇన్ని తూట్లు పెట్టి ఆవిరంతా బయటికి ఇడుస్తాంటే ఇల్లెట్ల కాగుతాది? ఈ మగోళ్ళకు దమ్ అంటే ఏం తెలుసు? పిండి పెట్టి మూస్తే నీళ్ళూ కక్కదు, వేడీ నిలుస్తాది” అంది. “పోశెట్టన్న వచ్చినాక అడుగుదామక్కా” అన్నాను. “వాడు నాకు చెప్పేంతటోడా? ఊక ఏసి మంట పెట్టినోడు!” అంది. నాకూ నచ్చింది ఆ మాట. ఒక మగవాడికి తెలియని సంగతి ఇద్దరాడవాళ్ళకు తెలుసన్న మురిపెం అది. గట్టిగా కలిపిన పిండి ఆమె ఇచ్చింది. తొమ్మిది ముక్కుల్లోనూ వేలితో కుక్కింది నేను. కనిపించకుండా పైన వెండిరంగు పూసింది కూడా నేనే. ఎంత నున్నగా పూశానో! ఖైరూన్ బీ చూసి, “నీ చేతికి పనితనముందే” అని మెచ్చుకుంది. ఆ మెప్పు తిన్నంతసేపు నేను కడుపు నిండినట్టు ఉన్నాను.

పోశెట్టి వచ్చి అంటించాడు. షెడ్డులో బాయిలరు భగభగమంటోంది, ఇంట్లో ఇనుము శవంలా చల్లగా ఉంది. గొట్టం వైపు ఒక జానెడు కాగితే గొప్ప. అతను ప్రతి గదిలోనూ మోకాళ్ళ మీద కూర్చుని చెవి పెట్టాడు. “ముక్కులు ఊదుతలేవు. నేను లేనప్పుడు వీటినెవ్వరన్న ముట్టిన్రా చెల్లె?” అని నన్నే అడిగాడు. నేను చీపురు ఆపకుండా, “పెయింటరు మల్లా వచ్చింటాడేమో, నాకేం తెలుసు” అన్నాను. అతను పానా తేవడానికి షెడ్డుకు పోయాడు. ఈలోగా ముసలమ్మ మూడు కంబళ్ళు కప్పుకుని కొడుకును పిలిచి ఏడ్చింది. అర్బాబ్ రూవిలోని తన కంపెనీకి ఫోన్ చేసి, ఇంజినీరు వచ్చేదాకా దేన్నీ విప్పవద్దని పోశెట్టికి చెప్పాడు. మధ్యాహ్నానికి ఇంజినీరు మూర్తిగారు కొండెక్కి వచ్చారు.

మూర్తిగారు కాకినాడ వైపు వారు. జేబులో నాలుగు పెన్నులు. నాలుగూ నాలుగు రంగులు. షెడ్డులోకి వెళ్ళి, గోడమీది కాగితానికి వీపు ఆనించి నిలబడ్డారు. ఆయన తెల్లచొక్కాకు గోడ సున్నం అంటింది కానీ ఆ కాగితంలోని ఒక్క ముక్కా అంటలేదు. చదువు రాని మాకూ, చదువొచ్చిన ఆయనకూ ఆ గోడ ముందు తేడా ఏమీ లేకపోయింది. పోశెట్టి చేతిలో పానాతో, “సార్, గాలి పోతలేదు. జెర ఆ ముక్కులు ఇప్పి సూస్తే...” అన్నాడు. “గాలేవిటయ్యా? ఇదేవన్నా సైకిల్ ట్యూబా? నువ్వు దేనికీ చెయ్యి పెట్టకు. ప్రెషర్ చాల్లేదు, అంతే” అన్నారు ఆయన. “ప్రెషర్ పెంచితే లోపలి గాలి ఇంకింత గట్టిగ కూసుంటది సార్” అన్నాడు పోశెట్టి. “ఎక్కడ చదివావేంటి?” అన్నారు మూర్తిగారు. ఆయన్ను తెచ్చిన డ్రైవరు, తెలుగు రాకపోయినా, నవ్వాడు. పెద్దవాళ్ళ వేళాకోళానికి ముందుగా నవ్వేది ఎప్పుడూ వాళ్ళ కిందివాళ్ళే.

ఆ రోజంతా, మర్నాడు పొద్దుటి దాకా ప్రెషర్ పెంచుతూ పోయారు. గొట్టాల్లో సుత్తితో కొట్టినట్టు దబదబ చప్పుళ్ళు. ముసలమ్మ జిన్నులు దిగాయని దువా చదవడం మొదలుపెట్టింది. మజ్లిస్ రేడియేటరు సగం దాకా గోరువెచ్చనైతే మూర్తిగారు అర్బాబ్‌ను పిలిచి, దాని మీద ఆయన చెయ్యి పెట్టించి, దూడ పుట్టినంత సంబరంగా ఇంగ్లీషులో ఏదో చెప్పారు. ఆయన మాట పూర్తికాక ముందే షెడ్డులో బాయిలరు పైనుండే సేఫ్టీ వాల్వు ఎగదన్నింది. అంత అరుపు నేను మళ్ళీ వినలేదు. తెల్లటి ఆవిరి షెడ్డు నిండి బయటికి దూకింది. మూర్తిగారు ఒక చెప్పుతో వాకిలి దాటి, దానిమ్మ చెట్ల దాకా పరిగెత్తారు. పోశెట్టి లోపలికి పరిగెత్తాడు, తలకు తువ్వాలు చుట్టుకుని. మంట ఆర్పి, దగ్గుకుంటూ వచ్చి, ఎవరినీ అడగకుండా మజ్లిస్ గదిలోకి నడిచి పానాతో ముక్కు విప్పాడు. నేల మీద రెండుసార్లు తట్టాడు. వెండిరంగు పెచ్చుతో సహా పిండి ఉండ రాయిలా రాలిపడింది. గదంతా మాడిన రొట్టె వాసన. పోశెట్టి నా వైపు చూశాడు. ఒక్కసారే. తరవాత తలుపు దగ్గరున్న ఖైరూన్ బీ వైపు చూశాడు.

చెప్పు వెతికించుకుని మూర్తిగారు వచ్చారు. ఆ ఉండను రెండు వేళ్ళతో తిప్పి చూసి, “చూశారా! అడ్డం పెట్టాడు” అన్నారు, పోశెట్టిని చూపించి. మా పనివాళ్ళ భోజనాల దగ్గర ఎవరు ఎవరికంటే గొప్పో గంటలు గంటలు వాదించుకునే నోళ్ళన్నీ అప్పుడు మూతబడ్డాయి. ఖైరూన్ బీ నా మోచెయ్యి గిల్లి, “నా పేరెత్తినావంటే సూడు” అంది గుసగుసగా. నేను ఎత్తలేదు. కానీ ముందుకు జరిగి అన్నాను: “పోశెట్టన్న అప్పుడు ఊర్లో లేడు సారూ. కార్పెట్ మీద నీళ్ళు కక్కుతాంటే నేనే పిండి పెట్టినా. ఆయప్పకేం తెలీదు.” అంత ధైర్యం చేసినందుకు నా మీద నాకు గౌరవం కూడా పుట్టింది. అది ఎంతసేపు బతికిందో చెబుతాను.

పనిమనిషి కుక్కిన పిండి ఒక ఇంజినీరును దానిమ్మ చెట్ల దాకా పరిగెత్తించిందంటే రూవి ఆఫీసులో టీ తాగే ప్రతివాడూ నవ్వుతాడు. బాయిలరు మనిషి కుట్ర చేశాడంటే అది ఇంజినీరు పట్టుకున్న దొంగతనం అవుతుంది. మూర్తిగారికి ఈ లెక్క కట్టడానికి రెప్పపాటు పట్టింది. బాయిలరు లెక్క మాత్రం రెండు రోజులైనా తేలలేదు. ఆయన అర్బాబ్ వైపు తిరిగి, నేను చెప్పినదానికి మూడింతలు ఇంగ్లీషులో చెప్పారు. అందులో నాకు తెలిసిన మాటలు రెండే: పోశెట్టి, డీజిలు. అర్బాబ్ ముఖం నల్లబడింది. ఆయన నా వైపు తిరిగి, చిన్నపిల్లకు చెప్పినట్టు మెల్లగా, అరబ్బీలో అడిగాడు: డీజిలు మిగిల్చి అమ్ముకోవడానికి ఇలా చేయమని నీకు పోశెట్టి చెప్పాడా?

వంటింటి అరబ్బీ నాకు బాగానే వచ్చు. ఆ ప్రశ్న ప్రతి మాటా అర్థమైంది. ‘లా’ అంటే కాదు అని. ఆ దేశంలో దిగిన మొదటి రోజే నేర్చుకున్న మాట, ఒక్క అక్షరం. అంటే చాలు. కానీ అంటే, తప్పంతా నాదొక్కదానిదే అవుతుంది, ఇంటికి పోయేది నేనవుతాను. అనకపోతే నేను చెప్పుడు మాట విన్న తెలివితక్కువ ఆడది అవుతాను, అంతే. తెలివితక్కువదాన్ని ఎవరూ పంపించరు. నేను తల వంచుకున్నాను. తల వంచితే ఏ దేశంలోనైనా అవునని అర్థం.

పండగ వెళ్ళిన మూడోనాడు అతన్ని పంపించాలని తీర్మానమైంది. ముసలమ్మ చలి మాత్రం పండగ దాకా ఆగదు కదా. అందుకని ముక్కులు బాగుచేసే పని కూడా అతనికే చెప్పారు. తొమ్మిదీ విప్పి వంటింటికి తెచ్చాడు. సిర్కా, అంటే వెనిగర్, పోసి పాత గిన్నెలో ఉడకబెట్టమన్నాడు. పిండి నాని, తుప్పుతో కలిసి గోధుమరంగు నురగై పైకి తేలింది. ఒక్కొక్కదాన్ని నోట్లో పెట్టుకుని ఊది, గాలి ఆడుతుందో లేదో చూసి, తుడిచి పళ్ళెంలో పెట్టాడు. ఆఖరుది పెట్టాక అన్నాడు: “నువ్వు జెప్పినవ్ గద చెల్లె. సగం జెప్పినవ్. సగం ఉడికిన బియ్యం నానేసినా పనికి రావు, వండినా పనికి రావు.” నేను గిన్నెలోని నురగ పారబోశాను. “ఇగో, ఇటు సూడు. నేను పోయినంక ఆ ముసలామె సలికి సస్తది. ఆ ఇంజినీరు కాలు పెట్టడు మల్ల. నువ్వన్న నేర్సుకో” అన్నాడు. మజ్లిస్ రేడియేటరు కాళ్ళ కింద, ముక్కు వైపు ఎంత మందం చెక్క పెట్టాలో చూపించాడు. గొట్టం ఏ చప్పుడు చేస్తే ఏమిటో చెప్పాడు. మర్నాటి పొద్దున తొమ్మిది ముక్కులూ వరసగా ఊది, టిక్కుటిక్కుమని మూసుకున్నాయి. అర్బాబ్ మూర్తిగారికి ఫోన్ చేసి మెచ్చుకున్నాడు.

ఇప్పుడు మా వయసువాళ్ళు నలుగురు చేరితే ఒకటే పాట: ఆ రోజుల్లో మనుషులు మంచివాళ్ళు, ఒకరికొకరు ఆసరా, పరాయి దేశంలో తెలుగు మాట వినిపిస్తే చాలు ప్రాణం లేచొచ్చేది, ఇప్పటి పిల్లలకు అదంతా ఎక్కడిది అని. నేను వింటూ కూర్చుంటాను. ఆ గదిలో తెలుగు మాట్లాడేవాళ్ళం నలుగురం ఉన్నాం. ఒకడు అబద్ధమాడాడు, ఒకతె గిల్లింది, ఒకతె తల వంచింది. నాలుగోవాడు విమానమెక్కాడు. ఇప్పటి పిల్లలు మాకంటే చెడ్డవాళ్ళయ్యే అవకాశం నాకైతే కనిపించడం లేదు. వాళ్ళకు చదువుంది కాబట్టి బాగుపడతారనీ అనను. యాభై దాటాక నేనూ అక్షరాలు నేర్చుకున్నాను. మూర్తిగారికీ నాలుగు రంగుల పెన్నులుండేవి. కాగితం మీద ఉన్నది చదవడానికి అక్షరాలు కావాలి కానీ, ఒక అక్షరం నోటితో అనడానికి కావలసింది వేరే.

పోశెట్టి వెళ్ళిన పొద్దున జీపు వాకిట్లో ఉండగా షెడ్డులోకి పోయి నన్ను పిలిచాడు. నీటిమట్టం చూపించే గాజుగొట్టాన్ని వేలితో తట్టి, “దీంట్ల నీళ్ళు సూడకుండ అగ్గి పెట్టకు” అన్నాడు. అంతే, ఎక్కి పోయాడు. ఆరు నెలల తరవాత సహం అనే ఊళ్ళో పనిచేసే వాళ్ళ ఊరి మనిషి ఒకతను డీజిలు డ్రమ్ముల లారీతో వచ్చి చెప్పాడు, పోశెట్టి పెళ్ళాం మళ్ళీ చాట ముందేసుకుని కూర్చుందని. ఆ మాట చెప్పి అతను డ్రమ్ములు దించుకుంటుంటే, నేను లోపలికి పోయి గాజులో నీళ్ళు చూసి, మంట అంటించాను. నాలుగు చలికాలాలు ఆ బాయిలరు నేనే నడిపాను. ఒక్క పొద్దు కూడా ఇల్లు చల్లగా లేదు. ముసలమ్మ, పోయేముందు, ఇంత వెచ్చగా చూసుకున్న మనిషి ఇంకొకరు లేరని నా తల మీద చెయ్యి పెట్టింది. ఆ చెయ్యి నేను తీసేయలేదు.